రెండు గుంటల మధ్య వెలిగిన బల్బు

గుంటల మేస్త్రి అంటే ఆ పేటలో తెలియని గడప లేదు. ఆయన అసలు పేరు పెళ్ళిపత్రిక మీద ఒక్కసారి అచ్చయింది. ఆ తర్వాత దాంతో ఎవరికీ పని పడలేదు. చదివింది పల్లెటూరి బడిలో ఎనిమిదో తరగతి. అయితేనేం, పెద్ద చదువులు చదివిన ఇంజనీర్లు చేతులెత్తేసిన చోట, పిడికెడు మట్టి తీసి అరచేతిలో నలిపి "ఇక్కడ కాదు, అటు నాలుగడుగులు జరగండి" అని చెప్పగల మొనగాడు ఆయన ఒక్కడే.

ఆయన పని ఎర్తు గుంటలు తియ్యడం. ఇంట్లో గీజరు లోపలో ఫ్రిజ్జు లోపలో తీగ తెగి ఇనప ఒంటికి తగిలిందనుకోండి. ఆ కరెంటు మన ఒంట్లోంచి పోకుండా తిన్నగా నేలలోకి పోవడానికి ఒక దారి ఉండాలి. ఆ దారే ఎర్తు. ఎనిమిది అడుగుల గుంట తీసి, నడిమధ్య ఇనప పైపు నిలబెట్టి, చుట్టూ ఒక వరస ఉప్పు, ఒక వరస బొగ్గు వేసుకుంటూ పూడ్చుకొస్తాడు. పైపు తలకి ఒక గరాటు. పైన సిమెంటు మూత. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే మేకుతో దాని మీద నెంబరు గీస్తాడు. ఆస్పత్రి ఆపరేషను గది గుంట డెబ్భై ఒకటి. అచ్చాఫీసుది నూట ఆరు. కోల్డు స్టోరేజీది రెండు వందల ముప్ఫై. టెలిఫోను ఆఫీసులో ముగ్గురు ఇంజనీర్లు మూడు వారాలు తవ్వి తవ్వి ఆరు ఓముల దగ్గర ఆగిపోతే, ఈయన ఒక్క పూటలో రెండుకి దించాడు. ఓము అంటే ఆ దారి ఎంత ఇరుకో చెప్పే కొలత. అంకె తగ్గేకొద్దీ దారి వెడల్పు. ఆ టెలిఫోను ఆఫీసు గుంట నెంబరు మూడు వందల పన్నెండు. నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. లేపకపోయినా చెబుతాడని ఆయన భార్య అంటుంది.

గుంట తీసి చేతులు దులుపుకుని పోయే రకం కాదు. ఎండాకాలం వచ్చిందంటే నేల ఎండిపోతుంది, నేల ఎండితే దారి ఇరుకవుతుంది. అందుకని సైకిలుకి అటొక క్యాను ఇటొక క్యాను కట్టుకుని, తాను తీసిన గుంటలన్నిటికీ తిరిగి గరాటులో నీళ్ళు పోసి వస్తాడు. ఎవరూ పిలవక్కర్లేదు, తలుపు కొట్టక్కర్లేదు. గేటు తీసుకుని వెళ్ళడం, పోయడం, రావడం. ఇలా నలభై మూడేళ్ళు.

"ఇంటి ముందు పూలకుండీ నోరు తెరుచుకుని చస్తున్నా ఒక చుక్క పొయ్యరు గానీ, ఊరి వాళ్ళ గుంటలకి మాత్రం పసిపిల్లలకి పాలు పట్టినట్టు పడతారు" అని భార్య సాధిస్తుంది.

"పూలకుండీ ఎండితే పువ్వు పోతుందే. గుంట ఎండితే మనిషి పోతాడు."

"మరి నేను ఎండితే?"

"నువ్వెక్కడ ఎండావు? నోరు చూడు, ఎంత తడిగా ఉందో!"

ఆవిడ తమ్ముడు ప్లంబరు. వీధి చివర ఇల్లు. ఆయనకి బావని దెప్పకపోతే అన్నం అరగదు. "నేను పైపు వేస్తే నీళ్ళొస్తాయి బావా, జనం చూస్తారు. నువ్వు పైపు పూడిస్తే ఏమొస్తుంది?"

"ఏమీ రాకపోవడమేరా నా పని. నలభై మూడేళ్ళుగా ఏమీ రాలేదు. ఇంకెవడైనా ఏమీ రాకుండా ఇన్నేళ్ళు పని చేశాడేమో చూపించు!"

ఆ ఏడు ఎండాకాలానికి మేస్త్రి గుంటల లెక్క నాలుగు వందల తొంభై తొమ్మిది దగ్గరుంది. ఐదు వందలు నిండాక చాలిస్తానని పేటంతా చాటాడు. పేట సంఘం వాళ్ళు హాల్లో మీటింగు పెట్టి ఆయన చేత నాలుగు మాటలు చెప్పిద్దామన్నారు. వాళ్ళు నాలుగు మాటలన్నారు. ఈయన పద్నాలుగు పేజీలు రాశాడు. దానికి ప్రాణం లాంటి వాక్యం మొదటి పేజీలోనే పెద్దక్షరాలతో పెట్టుకున్నాడు: "నలభై మూడేళ్ళలో నా గుంట తప్పు అన్నవాడు పుట్టలేదు."

"అందులో నా మాట ఎక్కడైనా ఉందా?" అంది భార్య.

"పదకొండో పేజీలో ఉంది."

"ఏమని?"

"అన్నం తెచ్చి పెట్టిందని."

అదే వారంలో బీరువా గొడవ కూడా జరిగింది. గోడకి సున్నం వెయ్యాలని ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని బీరువా జరపబోయారు. ఈయన "ఊఁ" అనకుండానే ఎత్తేశాడు. ఆవిడ పక్క నేల మీదే ఉంది. బీరువా ఒక్క ఉదుటున ఒరిగి, తలుపుకున్న నిలువుటద్దం పైనుంచి కింది దాకా ఏటవాలుగా చీలింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో తల దువ్వుకునే ప్రతివాళ్ళకీ ముఖం రెండు ముక్కలుగా, ఒక ముక్క కాస్త పైకి కనిపించేది. తప్పెవరిదన్నది తేలలేదు.

ఐదు వందలో గుంట టీచరమ్మ ఇంటి టవరుకి దక్కింది. టీచరమ్మ అంటే హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనావిడ. ముప్ఫై ఏళ్ళుగా లైసెన్సు తీసుకుని ఇంట్లో రేడియో నడుపుతోంది. పాటలు వినే రేడియో కాదు. మైకు పట్టుకుని మాట్లాడితే ఎక్కడెక్కడి వాళ్ళో బదులు పలికే రేడియో. గాలివానకి ఫోన్లు పడిపోయినప్పుడు ఊరికీ ఊరికీ మధ్య కబురు మోసేది ఇలాంటి వాళ్ళే. ఇన్నాళ్ళూ డాబా మీద గొట్టం కట్టి సరిపెట్టుకుంది. ఇప్పుడు పెరట్లో నలభై అడుగుల ఇనప టవరు ఎత్తించింది. వానలు రాకముందే అంతా సిద్ధం కావాలని తొందర.

మేస్త్రి ఆ గుంటని తన జీవితంలో తియ్యనట్టుగా తీశాడు. టవరు మూడు కాళ్ళకీ మూడు కడ్డీలు దించి, వాటిని రాగి పట్టీతో చుట్టూ కలిపి, ఆ పట్టీని తెచ్చి గుంటలో దింపాడు. టెస్టరు పెట్టి చూస్తే సున్నా పాయింటు ఎనిమిది. ఒక ఓము కూడా లేదు! మూత మీద 500 అని సంబరంగా గీశాడు. సున్నాలు రెండూ కోడిగుడ్లలా వచ్చాయి.

మర్నాడు పొద్దున్నే టీచరమ్మ కబురు పెట్టింది.

"మేస్త్రీగారూ, మీ గుంటకి వంక పెడుతున్నాననుకోకండి. నీళ్ళ మోటారు వేసినప్పుడల్లా రేడియోలో తుమ్మెద దూరినట్టు ఒకటే గుయ్యిమంటోంది. టవరు నుంచి వచ్చే కేబులు పీకేస్తే ఆగిపోతుంది. మళ్ళీ పెడితే మళ్ళీ గుయ్యి."

"సున్నా పాయింటు ఎనిమిదమ్మా!" అన్నాడు మేస్త్రి. అంతకు మించి ఎవరూ ఏమీ అడగకూడదన్నట్టు.

"అది నేనూ చూశాను. మరి ఇంటి గుంట?"

"అదీ నాదే. నూట ముప్ఫై ఏడు. మూడు ఓములు. నిన్ననే నీళ్ళు పోశాను."

రెండూ తనవే, రెండూ మేలైనవే. మరి ఈ తుమ్మెద ఎక్కణ్ణించి వచ్చినట్టు? మేస్త్రికి రోషం వచ్చింది. "ఆగండి, మా కోడలిని తీసుకొస్తాను. సర్కారు ఇన్‌స్పెక్టరు చేతే చెప్పిస్తాను నా గుంటలో వంక లేదని."

కోడలిది కరెంటు తనిఖీ ఆఫీసులో ఉద్యోగం. బస్సు డ్రైవరైన కొడుక్కి ఇంత చదువుకున్న పిల్ల దొరకడం కూడా మేస్త్రి తన ఘనకార్యాల్లోనే కలుపుకుంటాడు. ఏడో పేజీలో ఉంది. ఆదివారం సెలవు కదా అని మామగారి సైకిలు వెనక తన స్కూటరు నడుపుకుంటూ వచ్చింది. దారి పొడవునా మేస్త్రి ఎదురైన ప్రతివాడికీ "ఇన్‌స్పెక్షనుకి తీసుకెళ్తున్నా" అని చెప్పుకుంటూనే ఉన్నాడు.

కోడలు టవరు చుట్టూ తిరిగి రాగి పట్టీ చూసింది. మూత ఎత్తి చూసింది. "ఎంత బాగా చేశారు మామయ్యా! మా ఆఫీసులో ఫొటో పెట్టుకోవచ్చు."

"విన్నారా టీచరమ్మా!"

"ఇంతకీ ఈ గుంటనీ ఇంటి గుంటనీ కలిపారా?"

మేస్త్రి బిత్తరపోయాడు. "కలపడమా! ఏం మాటమ్మాయ్ అది? టవరు మీద పిడుగు పడితే అది టవరు గుంటలోకి పోవాలి. ఇంటి గుంటతో కలిపితే ఇంట్లోకి రాదూ? పెరట్లోకి దొంగ వచ్చాడని వంటింటి తలుపు కూడా తీసి పెడతామా? మా గురువు పాత లైన్‌మాను. మొదటి రోజే నా చేత ఒట్టు వేయించుకున్నాడు, ఎవరి గుంట వారిదే, రెంటికీ పొత్తు పెట్టొద్దని. ఈ చేత్తో పదకొండు ఇళ్ళలో యాంటెన్నాలకీ టాంకు మీద పిడుగు కడ్డీలకీ వేరుగా గుంటలు తీశాను. పొరపాటున కూడా కలపొద్దని ఆ ఇళ్ళవాళ్ళ చేత నేనూ ఒట్టు వేయించుకున్నాను!"

కోడలు సంచీలోంచి టార్చిలైటు బల్బొకటి తీసింది. దానికి రెండు తీగలు చుట్టింది. రేడియో ప్లగ్గు, కేబులు రెండూ పీకించింది. ఒక తీగని టవరు పట్టీకి, రెండో తీగని గోడ పక్కన ఇంటి ఎర్తు తీగకి తగిలించింది. బ్యాటరీ లేదు, స్విచ్చి లేదు. ఒక పక్క ఐదు వందలో గుంట, ఇంకో పక్క నూట ముప్ఫై ఏడో గుంట, మధ్యలో బల్బు.

"టీచరుగారూ, మోటారు వేస్తారా?"

మోటారు గుర్రుమంది. బల్బు వెలిగింది.

పెద్ద వెలుగేం కాదు, పట్టపగలు కదా. కానీ మేస్త్రి వంగి, చేతులు అడ్డం పెట్టి చూశాడు. బల్బులో తీగ ఎర్రగా కాలుతోంది. ఆయన గుంటలు రెండూ ఆయన కళ్ళ ముందే దీపం పెట్టుకుని కూర్చున్నాయి.

"మోటారులో రాగితీగ చుట్ట పాడైంది. కరెంటు కారి ఇంటి ఎర్తులోకి పోతోంది" అంది కోడలు. "మీ గుంట దాన్ని మింగుతూనే ఉంది, తప్పులేదు. కానీ మింగేటప్పుడు ఇంటి గుంట కాస్త పైకి లేస్తోంది. టవరు గుంట లేవడం లేదు. ఆ తేడాయే ఈ బల్బు. ఆ తేడాయే రేడియోలో గుయ్యిమనేది."

"లేవడం ఏమిటమ్మాయ్? గుంట లేస్తుందా?"

"మొన్న బీరువా జరిపినప్పుడు ఏమైంది మామయ్యా?"

"అద్దం పగిలింది."

"ఎందుకు?"

"మీ అత్తయ్య ఎత్తలేదు."

"అత్తయ్య ఎత్తలేదా, మీరు చెప్పకుండా ఎత్తారా?"

టీచరమ్మ నవ్వు ఆపుకోవడానికి గులాబీ మొక్క వైపు తిరిగింది.

"ఇద్దరూ ఒక్కసారి ఎత్తితే అద్దానికి ఏమీ కాదు. ఎంత పైకెత్తినా కాదు. ఒక పక్కే లేచిందా, మధ్యలో ఉన్నది చీలుతుంది. ఇది మోటారు కాబట్టి బల్బు వెలిగే అంత లేచింది. అదే టవరు మీద పిడుగు పడితే, సున్నా పాయింటు ఎనిమిది అయినా సరే, ఆ క్షణం టవరు గుంట వేల వోల్టులు లేస్తుంది. ఇంటి గుంట కిందే ఉండిపోతుంది. మధ్యలో ఉన్నది టీచరుగారి రేడియో. దాని మీద ఎవరి చెయ్యైనా ఉంటే ఆ చెయ్యి కూడా. రెంటినీ లావు పట్టీతో కలిపేస్తే రెండూ కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి. కేబులు లోపలికొచ్చే కిటికీ దగ్గర పిడుగుని మళ్ళించే అరెస్టరు కూడా బిగించాలి. అప్పుడు మధ్యలో ఉన్నదాని జోలికి ఏదీ రాదు."

ఆ మధ్యాహ్నమే మేస్త్రి గులాబీ మొక్కల పక్కనుంచి పందొమ్మిది అడుగుల కాలవ తవ్వి, పట్టీ పరిచి, రెండు గుంటలనీ కలిపాడు. తవ్వినంతసేపూ ఒక్క ఘనకార్యం కూడా చెప్పలేదు. టీచరమ్మకి భయమేసి రెండు సార్లు మంచినీళ్ళు ఇచ్చింది. కలిపాక బల్బు పెట్టి మళ్ళీ మోటారు వేయించాడు. వెలగలేదు. ఆ తర్వాత కిటికీ దగ్గర అరెస్టరు బిగించి, మోటారు విప్పించి కొత్త చుట్ట వేయించారు.

మర్నాడు టీచరమ్మ గేటు దగ్గరే ఎదురొచ్చింది. "గోల మొత్తం పోయింది మేస్త్రీగారూ! తప్పంతా మోటారుదే. ఉత్త పుణ్యానికి మీ గుంటని అనుమానించాను, ఏమీ అనుకోకండి."

"పర్లేదు, పర్లేదమ్మా" అన్నాడు మేస్త్రి.

ఆ "పర్లేదు" పూటంతా ఆయన నోట్లో పంచదారలా ఉంది. నిజమే కదా, తప్పు మోటారుది. పేటలో ఎవరికీ సంగతి తెలియదు. కోడలు ఎవరితోనూ అనదు. మొదటి పేజీలో వాక్యం చెక్కుచెదరకుండా ఉంది. మీటింగుకి పన్నెండు రోజులు.

సాయంత్రానికి పంచదార కరిగిపోయింది. పదకొండు ఇళ్ళున్నాయి. ఎవరి గుంట వారిదని తానే ఒట్టు వేయించుకున్న ఇళ్ళు. వానలకీ దాదాపు అంతే గడువు. ఏ ఇంట్లో ఏ గుంట ఎక్కడుందో ఈ లోకంలో తెలిసినవాడు తానొక్కడే.

పొద్దున లేచి బీరువా ముందు తల దువ్వుకోబోతే, ముఖం సగం పైకి లేచి ఉంది.

"రోజూ చూసేదేగా, ఇవాళ అంతలా చూస్తున్నారేం?" అంది భార్య.

"అద్దం మార్పించాలి."

"అద్దం మార్చినా అందులో కనపడేది మారదు లెండి."

నీళ్ళు పొయ్యడానికి ఎలాగూ వెళ్ళాలి కదా, అప్పుడే చెప్పేద్దామని బయల్దేరాడు. మొదటి ఇల్లు బేకరీ ఓనరుది. గేటు తీశాడు, రెండు గుంటల్లోనూ నీళ్ళు పోశాడు. బేకరీ ఓనరు బయటికొచ్చి "రండి మేస్త్రిగారూ, మీ మీటింగుకి బిస్కెట్లు నావే" అన్నాడు. "సంతోషం" అని వచ్చేశాడు. రెండో ఇల్లు కంటి డాక్టరుది. అక్కడా పోశాడు. డాక్టరు తల్లి వరండాలోంచి చూసి "నువ్వుండబట్టి పిడుగంటే మాకు భయం లేదు నాయనా" అంది. మేస్త్రి చేతిలో క్యాను గరాటు తప్పి, నీళ్ళన్నీ చెప్పులో పడ్డాయి. చెప్పాల్సింది చెప్పకుండానే సైకిలెక్కాడు.

మూడో ఇల్లు బావమరిదిది. ప్లంబరు తన డాబా మీద నీళ్ళ టాంకు పక్కన పిడుగు కడ్డీ పెట్టించుకున్నాడు. దాని గుంట నాలుగు వందల అరవై రెండు. బావమరిది మెట్ల మీద కూర్చుని కుళాయి వాషరు మారుస్తున్నాడు.

"ఏం బావా, ఇవాళ నీళ్ళు పోసినా ఘనకార్యం రాలేదేం? గొంతులో వాషరు పోయిందా?"

మేస్త్రి క్యాను కింద పెట్టాడు. ఈ ఒక్కడి ముందు మాత్రం తగ్గకూడదని నలభై ఏళ్ళుగా అనుకుంటున్నవాడు. ఇక్కడ చెప్పగలిగితే ఇంకెక్కడైనా చెప్పగలడు.

"నీ రెండు గుంటలూ కలపాలిరా."

"కలపొద్దని నా నెత్తి మీద చెయ్యి పెట్టించి మరీ ఒట్టు వేయించావుగా?"

"వేయించాను. తప్పు చెప్పాను."

ప్లంబరు చేతిలో వాషరు జారి మెట్లన్నీ దిగి కాలవలో పడింది. "ఏమన్నావ్?"

"విన్నావుగా."

"వినలేదు బావా. మళ్ళీ అను."

"తప్పు చెప్పానన్నాను!"

"అక్కా!" అని ప్లంబరు వీధి ఆ చివరికి వినబడేలా కేకేశాడు. "అక్కోయ్! ఒకసారి రావే! బావ తప్పు చెప్పాట్ట! నలభై మూడేళ్ళకి!"

ఆవిడ నిజంగానే పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. మేస్త్రి ఇద్దరినీ మెట్ల మీద కూర్చోబెట్టి బీరువా సంగతితో సహా మొత్తం చెప్పాడు. ప్లంబరు కడుపు పట్టుకుని నవ్వాడు, నవ్వి నవ్వి దగ్గాడు, దగ్గు తగ్గాక లేచి లోపల్నుంచి గునపం పట్టుకొచ్చాడు.

"ఎటు నుంచి ఎటు తవ్వాలో గీత గియ్యి."

"నువ్వెందుకురా?"

"మిగిలినవి పది ఇళ్ళు. పన్నెండు రోజులు కూడా లేవు. నీ ఒక్కడి వల్ల అవుతుందా? నువ్వు నోరు తెరిచి చెప్పు, నేను తవ్వుతాను. నీ నోటికే పని ఎక్కువ కదా, న్యాయంగా ఉంటుంది."

భార్య వేరే మాట అంది. "అయితే బీరువా తప్పు మీదేనన్నమాట."

"ఇప్పుడా సంగతి..."

"తేలాలిగా మరి!"

"నాదే."

"పన్నెండో పేజీలో రాయండి."

ఆ మధ్యాహ్నమే వెనక్కి వెళ్ళి కంటి డాక్టరు తల్లికీ బేకరీ ఓనరుకీ చెప్పాడు. మొదట గొంతు సన్నగా వచ్చింది. నాలుగో ఇంటికి గాడిలో పడింది. ఆరో ఇంటికల్లా, మేస్త్రి మేస్త్రే కదా, జేబులో బల్బు పెట్టుకుని "చూడండి, ఈ సంగతి ఎంత లోతైనదో" అని పాఠం చెప్పడం మొదలెట్టాడు. కోపం చేసుకున్న వాళ్ళు ఇద్దరు. ఒకాయనైతే "మరి ఇన్నాళ్ళూ పిడుగు పడుంటే?" అని నిలదీశాడు. "పడి ఉంటే నా మాట మీద నమ్మకమే మిమ్మల్ని ముంచేది. అందుకే వచ్చాను" అన్నాడు మేస్త్రి. ఆయన కాసేపు గుర్రుగా చూసి, మొక్కల కుండీలు తానే పక్కకి జరిపాడు. పదకొండో ఇంట్లో పట్టీ బిగించి మట్టి కప్పేసరికి ఆకాశం నల్లబడుతోంది.

మీటింగు రోజు మధ్యాహ్నం మొదటి వాన పడింది. అలాంటిలాంటి వాన కాదు. పేట సంఘం హాలు పైకప్పు మూడు చోట్ల కారి కుర్చీల్లో నీళ్ళు నిలిచాయి. "ఆ గొట్టాలు వేసింది నేను కాదు" అని ప్లంబరు అడక్కుండానే అందరికీ చెప్పాడు. ఉరుముతున్నంతసేపూ టీచరమ్మ పద్ధతిగా కేబులు పీకి పక్కన పెట్టింది. నాలుగున్నరకి వాన వెలిసి, ఎండ వచ్చింది.

"హాలు తడిస్తే తడిసింది. మా ఇంటికి రండి" అని కబురు చేసింది టీచరమ్మ. "హాల్లో అయితే నలభై మంది వింటారు. రేడియోలో ఎంతమంది వింటారో నాకే తెలియదు."

ఆ గదిలో పట్టింది ఆరుగురు. మిగిలినవాళ్ళు కిటికీల్లోంచి తలలు పెట్టారు. బేకరీ ఓనరు బిస్కెట్ల పళ్ళెం చేతుల మీదుగా తిరుగుతోంది. టీచరమ్మ లైసెన్సులో తనకిచ్చిన పిలుపు సంకేతం చెప్పి, ఎవరెవరు వింటున్నారో పిలిచి, మైకు మేస్త్రి చేతిలో పెట్టింది. "మాట్లాడినంతసేపూ ఈ మీట నొక్కి ఉంచండి. అయ్యాక 'ఓవర్' అని వదిలెయ్యండి. వదలకపోతే అవతలివాళ్ళు బదులు చెప్పలేరు."

"వదలడం ఆయనకి అలవాటు లేదమ్మా" అంది భార్య వెనక నుంచి.

మేస్త్రి పద్నాలుగు పేజీలూ ఒళ్ళో పెట్టుకున్నాడు. మొదటి పేజీ తీశాడు. వాక్యం అక్కడే ఉంది, పెద్దక్షరాలతో. కొట్టేద్దామని నాలుగు రోజులుగా అనుకుంటున్నాడు గానీ చెయ్యి రాలేదు. ఇప్పుడు మీట నొక్కి, కళ్ళు మూసుకున్నాడు.

"అయ్యా, నేను గుంటల మేస్త్రిని. ఎనిమిదో తరగతి చదివాను. ఆస్పత్రి ఆపరేషను గది ఎర్తు నాది. కోల్డు స్టోరేజీ నాది. టెలిఫోను ఆఫీసులో ముగ్గురు ఇంజనీర్లు ఆరు తెస్తే నేను రెండు తెచ్చాను. ఈ టవరు కింద ఉన్నది ఐదు వందలో గుంట, సున్నా పాయింటు ఎనిమిది. నలభై మూడేళ్ళలో నా గుంట తప్పు అన్నవాడు పుట్టలేదని ఇక్కడ రాసుకున్నాను. తప్పన్నది మా కోడలు. టార్చిలైటు బల్బు పెట్టి చూపించింది. టవరు గుంటా ఇంటి గుంటా కలపకూడదని పదకొండు ఇళ్ళలో చెప్పాను. తప్పు. కలపాలి. పదకొండూ కలిపి వచ్చాను. మీ టవర్లవీ కలిపి ఉన్నాయో లేదో చూసుకోండి. వానలు మొదలయ్యాయి. ఓవర్."

మీట వదిలాడు. రేడియో ఒక్క క్షణం సరసరమంది. కిటికీల్లో ఎవరూ బిస్కెట్టు నమల్లేదు.

తర్వాత ఎక్కడో చాలా దూరం నుంచి, జలుబు చేసినట్టున్న గొంతొకటి వచ్చింది. "మేస్త్రిగారూ, నమస్కారం. మా ఇంట్లో టవరు గుంట వేరు, ఇంటి గుంట వేరు. చచ్చినా కలపొద్దని మా మేస్త్రి చెప్పాడు. ఇప్పుడేం చెయ్యాలి? ఓవర్."

గదిలో నవ్వు పేలింది. ప్లంబరు కిటికీ చువ్వ పట్టుకుని ఊగిపోయాడు. కోడలు మాత్రం మామగారి ముఖం వైపే చూస్తోంది.

మేస్త్రి మీట నొక్కాడు. గొంతు సవరించుకున్నాడు. రెండు వారాల కిందటి గొంతు, టెలిఫోను ఆఫీసు నాటి గొంతు, తిరిగి వచ్చేసింది.

"మీ మేస్త్రి పనిమంతుడే బాబూ, తిట్టకండి. మొన్నటి దాకా నేనూ ఆయన మాటే చెప్పాను. ముందు ఒక టార్చిలైటు బల్బు తెచ్చుకోండి. రెండు గుంటల మధ్యా ఎన్ని అడుగులు? నేల ఎర్రమట్టా, నల్లమట్టా? టవరుకి కాళ్ళు ఎన్ని? కేబులు ఏ కిటికీలోంచి వస్తోంది?"

"ఓవర్ అనండి" అంది టీచరమ్మ.

"ఉండండమ్మా, ఇంకో రెండున్నాయి. ఇంట్లో నీళ్ళ మోటారు ఉందా? దాని చుట్ట ఎన్నేళ్ళది?"

"ఓవర్ అనమన్నారు మామయ్యా!"

"ఓవర్" అన్నాడు మేస్త్రి, అయిష్టంగా.

ఆ ఒక్కడి తర్వాత ఇంకో ముగ్గురు వరసలో ఉన్నామన్నారు. మేస్త్రి పెన్సిలు అడిగి తీసుకున్నాడు. మొదటి పేజీ వెనక్కి తిప్పాడు. తెల్లగా ఉంది. అక్కడ పైన 1 అని వేసి, పక్కన "ఎర్రమట్టి, ఇరవై రెండు అడుగులు" అని రాసుకున్నాడు.

"ఇంకేముంది" అంది భార్య బయట చెప్పులు వెతుక్కుంటూ. "మళ్ళీ ఐదు వందల దాకా ఈ మనిషి ఇంటికి రాడు. తమ్ముడూ, నువ్వు రారా, బీరువాకి కొత్త అద్దం వచ్చింది, బిగిద్దువు గానీ. రెండో పక్క నేను పట్టుకుంటాను. నువ్వు మాత్రం చెప్పి ఎత్తు!"